వైకింగ్ అంటే ఎవరు? పని పేరు జాతి పేరైన తీరు

ఓటీటీ సిరీస్‌లు, వీడియో గేమ్‌ల పుణ్యమా అని ‘వైకింగ్’ అనే మాట తెలుగు ఇళ్లలోకీ వచ్చేసింది. వినగానే కళ్ల ముందు మెదిలే బొమ్మ అందరికీ దాదాపు ఒకటే: కొమ్ముల శిరస్త్రాణం, చేతిలో గొడ్డలి, వెనకాల పాము తల చెక్కిన పొడవాటి ఓడ. ఆ మాటకు అర్థమేమిటని వెతికితే మాత్రం ఒక్కోచోట ఒక్కో జవాబు దొరుకుతుంది. అఖాతంలో ఉండేవాడని ఒకరు, శిబిరం వేసేవాడని ఇంకొకరు, తెడ్డు వేసేవాడని మరొకరు అంటారు. చివర ‘కింగ్’ వినిపిస్తోంది కాబట్టి రాజులకు సంబంధించినదేమో అనుకునేవారూ ఉన్నారు.

ఈ చివరిదాన్ని ముందే పక్కన పెట్టవచ్చు. మాటను విడదీయాల్సింది ‘వీక్’, ‘ఇంగ్’ అని. ‘వైకింగ్’ అన్న ఉచ్చారణ ఇంగ్లిష్ వాళ్లు అక్షరాలు చూసి చదువుకున్న తీరు. తెలుగులోకీ ఆ దారినే వచ్చింది. స్వీడన్, నార్వేల్లో ఇప్పటికీ ‘వీకింగ్’ అనే అంటారు. తమాషా ఏమిటంటే, ఇంగ్లిష్ ‘కింగ్’ పాత రూపం ‘కునింగ్’లో చివర ఉన్నదీ ఇదే ‘ఇంగ్’ ప్రత్యయం. ఫలానాదానికి చెందినవాడు అని దాని అర్థం. తెలుగులో పేరు చివర ‘వాడు’, ‘గాడు’ చేరినట్టు.

క్లుప్తంగా

‘వైకింగ్’ మొదట ఒక జాతికో దేశానికో పెట్టిన పేరు కాదు. సముద్రం మీద దోపిడీకి వెళ్లడమనే పనికి, ఆ పని చేసేవాడికి వాడిన మాట. దాని మూలంపై ప్రధానంగా నాలుగు వాదాలున్నాయి. వాటిలో తెడ్లు వేసేవారి వంతుల నుంచి పుట్టిందనే వాదం ఎక్కువ చిక్కుముడులను విప్పుతుంది, కానీ రుజువైపోయిందని చెప్పలేం. స్కాండినేవియా (స్వీడన్, నార్వే, డెన్మార్క్) ప్రజలందరికీ కలిపి ఈ పేరు తగిలించింది 19వ శతాబ్దం.

వేట, వేటగాడు

స్కాండినేవియా పాత భాష నార్స్‌లో ఇవి రెండు వేర్వేరు మాటలు. ‘వీకింగ్ర్’ పుంలింగం; మనిషిని చెబుతుంది. ‘వీకింగ్’ స్త్రీలింగం, పనిని చెబుతుంది. ‘ఫారా ఈ వీకింగ్’ అంటే వీకింగ్‌కు వెళ్లడం. తెలుగులో వేటకు వెళ్లేవాడు వేటగాడైనట్టే, వీకింగ్‌కు వెళ్లేవాడు వీకింగ్ర్. వేటగాడు అన్నది కులం పేరూ కాదు, ఊరి పేరూ కాదు. వేట మానేసి పొలం దున్నుకుంటే ఆ మాట అతడికి వర్తించదు. వీకింగ్ర్ సంగతీ అంతే. వేసవిలో ఓడెక్కి, పంట కోతలకు ఇంటికి తిరిగొచ్చే రైతు ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే వైకింగ్. ఐస్‌లాండ్‌లో స్థిరపడిన తొలి కుటుంబాల వివరాలు చెప్పే మధ్యయుగపు రాతల్లో కొందరి పేరు పక్కన ‘పెద్ద వైకింగ్’ అని ప్రత్యేకంగా రాసి ఉంటుంది. అందరూ వైకింగ్‌లే అయితే కొందరికి ఆ బిరుదు తగిలించాల్సిన పనే లేదు.

మూలాన్ని వెతికినవారిలో చాలామంది వీకింగ్ర్ అన్న మనిషినే పట్టుకుని, వీకింగ్ అన్న పనిని గాలికొదిలేశారు. వివాదం ఇన్నాళ్లు నలగడానికి అదే పెద్ద కారణంలా కనిపిస్తుంది.

పాత రాతలు ఎవరిని అలా పిలిచాయి?

వైకింగ్ యుగం 793 జూన్‌లో మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠంపై ఓడదొంగలు పడి దోచుకున్నది అప్పుడే. కానీ మాట అంతకంటే పాతది. సుమారు 700 నాటి ఒక లాటిన్–పాత ఇంగ్లిష్ పదపట్టికలో ఓడదోపిడీకి సంబంధించిన లాటిన్ మాటకు ఎదురుగా ‘వీచింగ్’తో మొదలయ్యే సమాసం ఉంది. అంటే లిండిస్‌ఫార్న్ మండిపోవడానికి దాదాపు శతాబ్దం ముందే ఇంగ్లిష్ రాతగాళ్లకు ఈ మాట తెలుసు, అదీ ఓడదొంగ అన్న అర్థంలోనే.

పాత ఇంగ్లిష్ వాడుక ఈ మాటను స్కాండినేవియాకే కట్టిపడేయలేదు. బైబిల్‌లో యూదులు సముద్రం దాటే ఘట్టాన్ని చెప్పే ఒక పాత ఇంగ్లిష్ కావ్యం రూబేను గోత్రం వారిని ‘సముద్ర వైకింగ్‌లు’ అంటుంది. యార్క్ ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టన్ 1014 నాటి ప్రసంగంలో, యజమాని నుంచి పారిపోయిన బానిస క్రైస్తవాన్ని వదిలి ‘వైకింగ్ అవుతున్నాడు’ అని వాపోతాడు. అలా పారిపోయేవాడు ఇంగ్లండ్‌లోని బానిస. పుట్టుకతో వచ్చే గుర్తింపైతే మధ్యలో ‘అవడం’ కుదరదు.

ఉత్తరాది రాతలదీ ఇదే తీరు. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిన నార్వే రాజుల చరిత్రలో, బాలుడైన ఓలాఫ్ ట్రిగ్వసన్ తల్లితో కలిసి ఓడలో తూర్పుకు వెళ్తుంటే ‘వైకింగ్‌లు’ పట్టుకుని బానిసలుగా అమ్మేస్తారు. ఆ వెంటనే రచయిత చెప్పే మాట: వాళ్లు ఎస్టోనియా వాళ్లు. నార్వే రాజు కాబోయే పిల్లవాడు బాధితుడు, బాల్టిక్ అవతలి ఒడ్డువారు వైకింగ్‌లు. నేటి సినిమా బొమ్మకు ఇది పూర్తిగా తలకిందులు.

రాతిపై చెక్కినవి ఇంకా నమ్మదగిన సాక్ష్యాలు, ఎందుకంటే అవి వైకింగ్ కాలం వారే చెక్కించుకున్నవి. దక్షిణ స్వీడన్‌లోని స్కోనె ప్రాంతంలో వెస్ట్రా స్ట్రో శిల, ‘ఉత్తరాన వీకింగ్‌లో’ చనిపోయిన సోదరుడి జ్ఞాపకార్థం నిలిపింది. అక్కడ దాచుకునే సంకోచం లేదు. అదొక చెప్పుకోదగ్గ చావు. స్టాక్‌హోమ్‌కు దగ్గర్లోని బ్రో చర్చి వద్ద ఉన్న శిలది వేరే కథ. గిన్లోగ్ అనే స్త్రీ భర్త పేరిట వంతెన కట్టించి ఆ శిల నిలిపింది. ఆ భర్త ఉద్యోగం ‘వైకింగ్‌లపై కాపలా’. తీరం వెంట వైకింగ్‌లు రాకుండా చూడడానికి స్వీడన్‌లోనే కాపలా ఉండేదన్నమాట. ఒకే సమాజంలో ఒక ఇంటికి ఆ మాట గౌరవం, ఇంకో ఇంటికి బెడద.

దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం లేకపోలేదు. తాను తిరిగిన జాతుల చిట్టా చెప్పుకునే ఒక పాత ఇంగ్లిష్ కవితలో ‘వీచింగ్’లు కూడా ఒక తెగలా లెక్కలోకి వస్తారు. అందుకే జాతి అర్థం ఎన్నడూ లేనే లేదని ఢంకా బజాయించడం తగదు. ఉన్న రాతల్లో దాని బరువు చాలా తక్కువ, అంతవరకే చెప్పగలం.

దెబ్బ తిన్నవాళ్లు పెట్టిన పేర్లు

దాడులకు గురైనవారు ‘వైకింగ్’ అనడం అరుదు. ఇంగ్లండ్ వార్షిక చరిత్రలు వాళ్లను ఎక్కువగా డేన్‌లు (డెన్మార్క్ వాళ్లు), అన్యమతస్థులు, లేదంటే ఉత్త ‘దండు’ అన్నాయి. వీచింగ్ అన్న మాట వాటిలో పట్టుమని కొన్నిసార్లే వస్తుంది. నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఏలిన ఫ్రాంకులు ‘ఉత్తరాది మనుషులు’ అన్నారు. 911లో ఫ్రాంకుల రాజు చార్లెస్ ద సింపుల్ నుంచి రోలో అనే నాయకుడికి దక్కిన నేల నార్మండీ అయింది ఆ పేరుతోనే. ఐర్లండ్ వారికి వాళ్లు ‘గాల్’, అంటే పరాయివాళ్లు. 844లో సెవిల్ నగరంపై దాడిని చూసిన స్పెయిన్ ముస్లింలు ‘మజూస్’ అన్నారు. అగ్నిని కొలిచేవారికి అరబ్బీలో అప్పటికే ఉన్న పేరది. ఎదురైన కొత్త మనిషిని పాత గూట్లో కూర్చోబెట్టడం ఎక్కడైనా ఉన్నదే.

జర్మన్ చరిత్రకారుడు ఆడమ్ ఆఫ్ బ్రెమెన్ 1070లలో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఓడదొంగలను డేన్‌లు ‘విచింగ్’లంటారని, తమ వాళ్లు ‘అస్కోమన్’లంటారని ఆయన రాశాడు. ఆ రెండో మాట ఆష్ అనే చెట్టు పేరు మీద వచ్చింది. డేన్‌లు కొందరిని అలా పిలుస్తారన్నాడంటే, డేన్‌లందరూ వాళ్లే కాదని ఆయనకు తెలుసు.

తూర్పు దారి పట్టినవారికి ‘రస్‌లు’ అని పేరు. 839లో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) దూతలతో కలిసి ఫ్రాంకుల చక్రవర్తి లూయీ దగ్గరికి కొందరు ‘రోస్’లు వచ్చారు. ఆరా తీయిస్తే స్వీడన్ వాళ్లని తేలింది. ఈ ‘రస్’ మాట వైకింగ్ మూలం చర్చలోకి మళ్లీ వస్తుంది.

మూలం ఎక్కడ?

అందరికీ ముందు తోచేది ‘వీక్’. నార్స్‌లో దానికి చిన్న అఖాతమని అర్థం. రేక్యవిక్ అంటే పొగల అఖాతం. చివర ఉన్నది ఈ వీకే. ఓడలు దాచుకుని మాటు వేయడానికి అఖాతాలు అనువైనవి కాబట్టి అక్కడుండేవాడు వీకింగ్ర్ అని ఈ వాదం. వినడానికి సాఫీగా ఉంది. కానీ నార్వే తీరమంతా అఖాతాలే. దొంగా అక్కడే ఉంటాడు, చేపలు పట్టేవాడూ అక్కడే ఉంటాడు. ఒకరిని మరొకరి నుంచి వేరు చేయలేని పేరు ఎందుకు నిలుస్తుంది? పైగా అఖాతం నుంచి ‘అఖాతంవాడు’ పుట్టవచ్చు గానీ, దోపిడీ యాత్ర అనే స్త్రీలింగ పదం ఎలా పుడుతుందో చెప్పడం కష్టం.

దీనికే ఇంకో రూపం, నార్వేలోని నేటి ఓస్లో ఫియర్డ్ (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చుట్టూ ఉన్న ‘వీకెన్’ ప్రాంతం. వైకింగ్‌లంటే మొదట ఆ సీమవారని ఊహ. ఆ సీమవారికి నార్స్‌లో వేరే పేరు, వీక్వేర్యర్ అని, ముందే ఉంది. కాబట్టి ఈ ఊహ పెద్దగా నిలబడలేదు.

మూడోది ఇంగ్లిష్ వైపు నుంచి వచ్చింది. లాటిన్ ‘వీకస్’ నుంచి పాత ఇంగ్లిష్‌లోకి ‘వీచ్’ వచ్చింది: నివాసం, సంతచోటు, శిబిరం. ఇప్స్‌విచ్, నార్విచ్, భూగోళం పుస్తకాల్లో రేఖాంశాల లెక్క మొదలయ్యే గ్రీనిచ్, వీటన్నిటి తోక అదే. శత్రువు నేలపై తాత్కాలిక శిబిరం వేసేవాడు వీచింగ్ అని, నార్స్ వాళ్లు ఆ మాటను ఇంగ్లిష్ నుంచే తీసుకున్నారని ఈ వాదం. ఓడదొంగలు ఇంగ్లండ్‌లో చలికాలమంతా శిబిరాలు వేసుకుని ఉండిపోవడం 9వ శతాబ్దం మధ్య నుంచి మొదలైంది. మాట మాత్రం 700 నాటికే ఉంది. ఈ కాలాల లెక్క దగ్గరే వాదం తడబడుతుంది.

ఇక నాలుగోది. ఇటీవలి దశాబ్దాల్లో భాషాశాస్త్రవేత్తలు ఎక్కువగా చర్చిస్తున్నది దీన్నే. నార్వేకు చెందిన ఎల్డర్ హైడె 2005లో దీన్ని వివరంగా ముందుకు తెచ్చాడు. అంతకుముందు స్వీడన్ పరిశోధకులూ చెప్పారు. నార్స్‌లో ‘వికా’ అని ఒక సముద్రపు కొలత ఉంది. తెడ్లు వేసేవాళ్లలో ఒక జట్టు అలసిపోయి బల్ల ఖాళీ చేసి రెండో జట్టుకు ఇచ్చేలోగా ఓడ సాగే దూరమే మొదట వికా అని దీన్ని అర్థం చేసుకుంటారు. ఆమడ లెక్కలాంటిదే గానీ, కాళ్ల అలసటకు బదులు చేతుల అలసటతో కొలిచినది. దీని వెనకున్న పాత జర్మానిక్ (ఇంగ్లిష్, జర్మన్, నార్స్‌లు పుట్టిన భాషాకుటుంబం) ధాతువుకు పక్కకు తొలగడం, చోటివ్వడం అని అర్థం. జర్మన్ ‘వైకెన్’లో ఇప్పటికీ అదే అర్థం ఉంది. ఇంగ్లిష్‌లో ఏడు రోజుల ‘వీక్’ కూడా ఈ కుటుంబానిదే: ఒకటి తొలగితే ఇంకొకటి వచ్చేది, అంటే వంతు.

తెలుగు పాఠకుడికి ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. మన ‘వారం’ కూడా అలా వచ్చిందే. సంస్కృతంలో ‘వార’ అంటే వంతు. అక్కడినుంచి ఒక రోజుకు, తెలుగులో ఏడు రోజుల గుంపుకు పేరైంది. రోజుకో ఇంట్లో వంతుగా భోంచేస్తూ చదువుకున్న వారాలబ్బాయి మాటలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఎక్కడో ఉత్తర సముద్రంలో వంతు ఒక దూరమైంది, ఇక్కడ ఒక కాలమైంది.

ఈ లెక్కన వీకింగ్ అంటే మొదట వంతులు మార్చుకుంటూ తెడ్లు వేయాల్సినంత దూరపు ప్రయాణం. పక్క ఊరికి వెళ్లే పడవలో వంతుల అవసరం రాదు. దూరప్రయాణాలు దోపిడీ యాత్రలుగా మారేకొద్దీ మాటకూ ఆ మరక అంటుకుంది. ముందు పని పేరు పుట్టి, దాని నుంచి మనిషి పేరు వచ్చిందని చెప్పగలగడం ఈ వాదం బలం. మిగతా మూడూ తడబడేది అక్కడే.

కాలమూ దీనికి అనుకూలంగానే ఉంది. స్కాండినేవియా ఓడలకు తెరచాపలు వచ్చింది సుమారు 7, 8 శతాబ్దాల్లో. అంతకుముందువి తెడ్ల ఓడలే. డెన్మార్క్‌లోని జట్లాండ్ దక్షిణాన నిడామ్ బాడవలో 1863లో దొరికిన 4వ శతాబ్దపు ఓక్ ఓడ సుమారు 23 మీటర్ల పొడవు. తెరచాప లేదు, రెండు పక్కలా తెడ్లు వేసేవాళ్లకు చోట్లున్నాయి. ఇంగ్లిష్ ‘వీచింగ్’, ఉత్తర సముద్రపు దక్షిణ తీరంలో మాట్లాడిన పాత ఫ్రీజియన్ భాషలోని ‘విట్సింగ్’ రూపాల్లో ‘క’ కాస్తా ‘చ’, ‘ట్స’లుగా మారింది. అది ఆ భాషల్లో చాలా పాత మార్పు. అంటే ఉత్తర సముద్రపు తీరాల్లో ఈ మాట తెరచాపల కాలానికి ముందే తిరుగుతూ ఉండాలి.

తూర్పు వైపు కూడా పోలిక దొరుకుతుంది. ఫిన్లాండ్ వారు స్వీడన్‌ను నేటికీ ‘రువోత్సి’ అంటారు. తెడ్డు వేయడమనే అర్థమున్న నార్స్ మూలం నుంచి అది వచ్చిందని, ‘రస్’ దాని నుంచే పుట్టిందని చాలామంది భాషాశాస్త్రవేత్తలు అంగీకరిస్తారు. అదే నిజమైతే రష్యా పేరు వెనక ఉన్నదీ తెడ్డే.

అయినా ఒక లోటు మిగిలే ఉంది. వీకింగ్ అంటే తెడ్ల వంతు అని సూటిగా చెప్పే పాత రాత ఒక్కటీ లేదు. ఇది ధ్వని మార్పులు, వ్యాకరణం, ఓడల చరిత్ర కలిపి అల్లిన ఊహ. మిగతా వాటికంటే గట్టి ఊహే.

మాట నిద్రపోయి లేచింది

1066లో స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ యుద్ధంలో నార్వే రాజు హరాల్డ్ హార్డ్రాడా చనిపోవడంతో వైకింగ్ యుగం ముగిసిందంటారు. ఆ తర్వాత ఇంగ్లిష్‌లో ఈ మాట వాడుక నుంచి జారిపోయింది. శతాబ్దాల పాటు ఇంగ్లిష్ చరిత్రకారులు డేన్‌లు, ఉత్తరాదివాళ్లు అనే రాశారు. మాట తిరిగొచ్చింది 19వ శతాబ్దం మొదట్లో. అదీ దొంగ వేషం తీసేసి వీరుడి వేషంలో.

అందుకు కారణం స్వీడన్ ఓటమి. 1809లో ఆ దేశం రష్యాకు ఫిన్లాండ్‌ను వదులుకుంది. రాజ్యంలో పెద్ద ముక్క పోయిన ఆ అవమానంలో, 1811లో స్టాక్‌హోమ్ విద్యావంతులు కొందరు గోథిక్ సంఘం పెట్టి పాత వీరగాథలను తవ్వితీశారు. ఆ ఏడే ఎరిక్ గుస్తఫ్ గెయెర్ ‘వైకింగ్’ పేరుతో రాసిన కవిత వచ్చింది. అమ్మ గుడిసె ఇరుకైపోయి పదిహేనేళ్లకే సముద్రం బాట పట్టే కుర్రాడి కథ అది. ఐస్‌లాండ్ గాథల్లో తరచుగా శత్రుపక్షాన కనిపించే వీకింగ్ర్ ఇక్కడ స్వేచ్ఛకు మారుపేరయ్యాడు. కొద్ది కాలానికే డెన్మార్క్, నార్వేలూ ఇదే బాట పట్టాయి. 1880లో గోక్‌స్టాడ్ ఓడ, 1904లో ఓసెబెర్గ్ ఓడ మట్టిలోంచి బయటపడి ఆ గర్వానికి కంటికి కనిపించే రూపం ఇచ్చాయి.

శిరస్త్రాణం మీది కొమ్ములూ ఆ 19వ శతాబ్దం పుట్టించినవే. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ సంగీత నాటకాలకు కార్ల్ ఎమిల్ డోప్లర్ చేసిన వేషాలు వాటిని ప్రచారం చేశాయి. నిజంగా దొరికిన వైకింగ్ కాలపు శిరస్త్రాణం, 1943లో నార్వేలోని యెర్ముండ్బు వద్ద బయటపడినది, గుండ్రటి ఇనుప టోపీ. డెన్మార్క్‌లో వెక్సో వద్ద కొమ్ములున్నవీ దొరికాయి గానీ అవి కంచుయుగానివి. వైకింగ్‌లకు వెయ్యేళ్లకు పైగా ముందువి.

జాతి అనుకుంటే ఏమవుతుంది?

పని పేరును జాతి పేరుగా పొరబడితే జరిగే అనర్థం తేలికది కాదు. నాజీలు ఎస్ఎస్ సైన్యంలోని ఒక డివిజన్‌కు ‘వీకింగ్’ అని పేరు పెట్టారు. స్వచ్ఛమైన ఉత్తరాది రక్తమనే కల్పనకు ఆ మాట చక్కగా అమరింది. నేడు డీఎన్ఏ పరీక్షల ప్రకటనలు ‘మీలో వైకింగ్ రక్తం ఎంత?’ అని అడిగినప్పుడు వెనకున్నదీ ఆ పొరపాటే, కాకపోతే విషం తీసినది. 2020లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం 442 మంది పాత అవశేషాల జన్యువులను చూసింది. ఓర్క్నీ దీవుల్లో వైకింగ్ పద్ధతిలో, కత్తులతో సహా పూడ్చిన కొందరి జన్యువులు స్కాండినేవియావి కావు. స్కాట్లండ్, ఐర్లండ్ వారికి దగ్గరవి. వుల్ఫ్‌స్టన్ ఫిర్యాదు చేసిన ‘వైకింగ్ అవడం’ ఎముకల్లోనూ కనిపించిందన్నమాట.

ఇలాంటి మాట తెలుగు నేలకూ తెలుసు. 1816లో గుంటూరు సీమపై పడి దోచుకున్న పిండారీ గుర్రపు దండుల్లో పలు మతాల, కులాల వాళ్లు కలిసి ఉండేవారు. పిండారీ అన్నదీ పనిని బట్టి వచ్చిన పేరే. ఆ మాట ఎక్కడ పుట్టిందన్నదానిపైనా పండితులకు ఒక మాట లేదు. తేడా అల్లా, పిండారీకి కవిత రాసి వీరుడిని చేసే గెయెర్ దొరకలేదు.

ఇంగ్లిష్‌లో రాసే చరిత్రకారులు ఈ చిక్కును అక్షరాలతో సర్దుకుంటున్నారు. దోపిడీకి వెళ్లినవాడైతే చిన్న ‘వి’తో మొదలుపెట్టడం, ఆ కాలపు ప్రజలంతా అయితే పెద్ద ‘వి’ వాడటమో, ‘నార్స్’ అనడమో కొందరి పద్ధతి. తెలుగు లిపిలో పెద్దా చిన్నా అక్షరాలు లేవు కాబట్టి ఆ తేడాను మాటలోనే చూపించాలి. నేత నేసిన ఆడవాళ్లు, గొర్రెలు కాసిన పిల్లలు, ఓడ చెక్కిన వడ్రంగులు ‘నార్స్ జనం’. ఓడెక్కి కత్తి పట్టుకుని వెళ్లినవాళ్లు, ఆ వెళ్లినన్నాళ్లూ, వైకింగ్‌లు.